మతిమరుపు జబ్బున్న అమ్మని ఇంట్లో ఉంచి తాళం వేసి ఆఫీసుకి వెళ్లొచ్చా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: అమ్మగారికి 72 ఏళ్లు, అల్జీమర్స్ మధ్య దశ. నాన్నగారు పోయాక గుంటూరు వైపు పల్లె నుంచి బెంగళూరు తెచ్చుకున్నారు. మహదేవపుర దగ్గర నాలుగో అంతస్తులో ఫ్లాటు. రెండుసార్లు స్టవ్ వెలిగించి మర్చిపోయారు. ఒకసారి గేటు దాటి వెళ్లి "మా ఊరి బస్సు ఎక్కడాగుద్ది" అని అడుగుతూ దొరికారు. మీరిద్దరూ ఉద్యోగాలకి వెళ్లాలి. బయట తాళం వేసి, హాల్లో కెమెరా పెట్టి వెళ్తే చాలా అని అడిగారు.

చాలదు. ఈ దశలో ఆవిడని ఒంటరిగా ఉంచి తాళం వేసి అరగంట కూడా వెళ్లకండి. కెమెరా ప్రమాదాన్ని చూపిస్తుంది, ఆపదు. ఇంట్లో పొగ కమ్ముకున్నా, ఆవిడ బాత్రూంలో పడిపోయినా మీరు మారతహళ్లి ట్రాఫిక్‌లో కూర్చుని ఫోన్లో చూస్తూ ఉండాల్సిందే. పైగా తలుపు రాకపోతే ఆవిడ ఊరుకుని కూర్చోరు. తలుపు బాదుతారు, అదీ రాకపోతే బాల్కనీ వైపు వెళ్తారు. పగలంతా ఒక మనిషి ఉండి తీరాలి. మనిషిని పెట్టాక కూడా ఇంట్లో మార్పులు చేయాలి. ఆ మనిషి బట్టలు ఆరేసి వచ్చే పది నిమిషాల్లో జరిగేవే ఎక్కువ.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. "స్టవ్ జోలికి వెళ్లొద్దని నిన్ననే చెప్పాను కదమ్మా" అంటే, ఆ నిన్న ఆవిడ దగ్గర లేదు. ఈ జబ్బులో కొత్తగా చెప్పింది నిలవదు, యాభై ఏళ్ల అలవాటు మాత్రం చేతుల్లో చెక్కుచెదరకుండా ఉంటుంది. తెల్లారి లేవగానే చెయ్యి అగ్గిపెట్టె కోసం వెతకడం అందుకే. అందుకని ఆవిడకి నచ్చచెప్పడం మానేసి వస్తువుల చోటు మార్చండి. ప్రతి సంఘటన తరవాత ఒకటే ఆలోచించండి: ఆ క్షణంలో ఆవిడ ఏం చేద్దామనుకున్నారు? స్టవ్ వెలిగించింది కాఫీ కోసమైతే, ఆవిడ లేచే వేళకి గోరువెచ్చని కాఫీ బల్ల మీద కనపడాలి. స్నానానికి నీళ్లు కాచడానికైతే, ఆ వేళకి బకెట్ నిండి ఉండాలి. చాలా ఇళ్లలో తాళం చేయలేని పని ఇది చేస్తుంది.

వంటగది

సిలిండర్ అయితే వంట అయిన ప్రతిసారీ స్టవ్ నాబ్‌తో సరిపెట్టకుండా రెగ్యులేటర్ దగ్గరే ఆపండి. రాత్రిపూట రెగ్యులేటర్ ఊడదీసి సిలిండర్‌కి సేఫ్టీ క్యాప్ పెట్టి, ఆ అర తలుపుకి చిన్న తాళం వేయండి. పైపు గ్యాస్ అయితే వంటగదిలో పైపు మీదే వాల్వ్ ఉంటుంది. దాని పిడి పైపుకి అడ్డంగా ఉంటే మూసినట్టు, పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు. ఇంట్లో అందరికీ ఇది ఒకసారి చేసి చూపించండి.

గ్యాస్ లీకు అలారం పెడుతుంటే బిగించే చోటు చూసుకోండి. సిలిండర్ గ్యాస్ గాలి కన్నా బరువు, నేల మీద పేరుకుంటుంది. అందుకని అలారం నేల నుంచి అడుగు ఎత్తులో ఉండాలి. పైపు గ్యాస్ గాలి కన్నా తేలిక, అలారం సీలింగ్‌కి అడుగు కింద ఉండాలి. ఈ తేడా పట్టించుకోకుండా అందిన చోట బిగించి వెళ్లిపోయేవాళ్లున్నారు, పక్కన నిలబడి చేయించండి. వాసన వస్తే ఏ స్విచ్చూ వేయొద్దు, వేసి ఉన్నది ఆపొద్దు. తలుపులు, కిటికీలు తెరిచి ఆవిడని బయటికి తీసుకెళ్లి, అక్కడి నుంచి సిలిండర్ అయితే 1906కి, పైపు గ్యాస్ అయితే ఆ కంపెనీ అత్యవసర నంబరుకి ఫోన్ చేయండి.

"మంట ఆరితే గ్యాస్ దానంతటదే ఆగే స్టవ్ కొన్నాం, ఇక భయం లేదు" అంటుంటారు. ఆ స్టవ్ పాలు పొంగి మంట ఆరినప్పుడు కాపాడుతుంది. మంట వెలుగుతూనే ఉండి గిన్నె మాడిపోతుంటే దానికేం తెలియదు. ఇండక్షన్ స్టవ్ మీకు పనికొస్తుంది, ఆవిడకి కాదు. కొత్త బటన్లు నేర్చుకోవడం ఇప్పుడు అయ్యే పని కాదు. ఎలక్ట్రిక్ కెటిల్ మాత్రం ఇంట్లో కనపడనివ్వకండి. ఆవిడకి అది చెంబులాగే కనిపిస్తుంది, తీసుకెళ్లి గ్యాస్ మంట మీద పెట్టేస్తారు. మిక్సీ, మైక్రోవేవ్ ప్లగ్గులకి వంటగది ఎంసీబీ (ఆ లైను కరెంటు ఆపే స్విచ్చు) ఒకటే అయితే, మీరు పని ముగించుకున్నాక మెయిన్ బోర్డులో దాన్ని దించేయండి. ఫ్రిజ్ కూడా అదే లైను మీద ఉందేమో ముందు చూసుకోండి.

ఇంత చెప్పి ఆవిడని వంటగదిలోకే రానివ్వొద్దనడం లేదు. పక్కన మనిషి ఉండగా గోంగూర ఒలవనివ్వండి, చిక్కుడుకాయలు ఈనెలు తీయనివ్వండి. చేతికి పని ఉన్న రోజు కాలు గడప దాటదు.

దేవుడి గది గురించి ఎవరూ ఆలోచించరు. కుంది, పక్కన పమిటకొంగు, అగ్గిపెట్టె. దీపం మీరుండగానే వెలిగించి, ఆవిడ దణ్ణం పెట్టుకున్నాక కొండెక్కించి, అగ్గిపెట్టె మీ దగ్గర పెట్టుకోండి. బ్యాటరీ దీపాన్ని కొందరు పెద్దవాళ్లు ఒప్పుకుంటారు, కొందరు తీసి పక్కన పడేస్తారు. ఒకసారి పెట్టి చూడండి. కర్పూరం తాళంలో ఉండాలి. పటికబెల్లమనుకుని నోట్లో వేసుకుంటారు. కొద్దిగా లోపలికి వెళ్లినా మూర్ఛ వచ్చేంత విషం అది. కలరా ఉండలు, దోమల మందు రీఫిల్లు కూడా దాంతోపాటే. ఫినాయిల్, యాసిడ్‌లను మంచినీళ్ల సీసాల్లో పోసి ఉంచే అలవాటు మీ ఇంట్లోగానీ పనిమనిషికిగానీ ఉంటే ఈ రోజే మాన్పించండి.

బాత్రూం

ఇంట్లో అన్నిటికన్నా ప్రమాదమైన గది ఇదే. మీరు శనివారం ఒక్క పూటే కేటాయించగలిగితే ఇక్కడే పెట్టండి.

మొదట గడియ. లోపలి గడియ విప్పేయండి, లేదా బయట నుంచి రూపాయి బిళ్లతో తిప్పి తీయగలిగే లాక్ పెట్టించండి. గడియ పెట్టుకుని దాన్ని తీయడం మర్చిపోయినప్పుడు పుట్టే కంగారులోనే జారిపడతారు. మన ఫ్లాట్లలో బాత్రూం తలుపు లోపలికి తెరుచుకుంటుంది. ఆవిడ తలుపు వెనకే పడితే మీరు బయట నుంచి నెట్టలేరు, గట్టిగా నెడితే ఆవిడకే దెబ్బ. వడ్రంగిని పిలిచి బందులు మార్పించి తలుపు బయటికి తెరుచుకునేలా చేయించండి. స్థలం లేకపోతే పక్కకి జరిగే పీవీసీ తలుపు.

తరవాత వేడి నీళ్లు. 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్ని 5 సెకన్లలో కాల్చేస్తాయి. 49 దగ్గర అదే గాయానికి కొన్ని నిమిషాలు పడుతుంది. గీజర్ కింద ఉండే థర్మోస్టాట్ 50 దాటనివ్వకండి. బెంగళూరులో అసలు చిక్కు సోలార్ నీళ్లతో. మార్చి, ఏప్రిల్‌లో మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు గీజర్ కన్నా వేడిగా దిగుతాయి, తగ్గించడానికి నాబ్ ఉండదు. అందుకని వేడినీళ్ల కుళాయి కింద గోడలో ఉండే చిన్న వాల్వ్ మూసేసి, స్నానం వేళ మీరు మాత్రమే తెరవండి. బకెట్‌లో ముందు చన్నీళ్లు, తరవాతే వేడినీళ్లు. కలిపాక అరచేత్తో కాకుండా మోచేయి ముంచి చూడండి. ఆవిడ "బాగానే ఉన్నాయి" అన్నారని నమ్మొద్దు, ముఖ్యంగా షుగర్ ఉంటే. పాదాలకి స్పర్శ తగ్గి ఉంటుంది. బకెట్‌లో వేసే హీటర్ రాడ్ ఇంట్లో ఉండకూడదు. గ్యాస్ గీజర్ బాత్రూం లోపల ఉంటే వెంటనే బయటికి మార్పించండి. అది వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తలుపు మూసిన గదిలో స్నానం ముగిసేలోపే మనిషి పడిపోవచ్చు.

పట్టుకునే స్టీల్ రాడ్లు కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి పెట్టించండి. పిడికిట్లో పూర్తిగా ఇమిడే మందం, అంటే ఒకటిన్నర అంగుళం లోపు. గోడకీ రాడ్‌కీ మధ్య కూడా ఒకటిన్నర అంగుళమే ఖాళీ. ఎక్కువైతే మోచేయి దాకా దూరి ఇరుక్కుంటుంది. ఎత్తు పుస్తకం చూసి కాదు, ఆవిడని కమోడ్ మీద కూర్చోబెట్టి, లేచేటప్పుడు చెయ్యి ఎక్కడికి పోతుందో చూసి పెన్సిల్‌తో గీత పెట్టండి. గోడ ఏ ఇటుకో కూడా తెలుసుకోండి. కొత్త అపార్ట్‌మెంట్లలో తేలికపాటి బ్లాకుల గోడలుంటాయి. వాటిలో మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు, స్క్రూ పట్టు ఇవ్వవు, కెమికల్ యాంకర్ (రంధ్రంలో గట్టి జిగురు నింపి బిగించే బోల్టు) వేయించాలి. బిగించాక మీ బరువంతా దాని మీద వేసి లాగి చూడండి. గాలితో అతుక్కునే రబ్బరు కప్పుల రాడ్లు వద్దు. తువ్వాలు కడ్డీ అందిన చోట ఉంటే పీకేయండి, పడబోతూ దాన్నే పట్టుకుంటారు.

ఇంకొకటుంది, పల్లె నుంచి వచ్చినవాళ్ల విషయంలో దీన్ని తప్పకుండా కనిపెట్టండి. జీవితమంతా కింద కూర్చునే మరుగుదొడ్డి వాడినవాళ్లు కమోడ్ సీటు మీదికెక్కి గొంతుక్కూర్చుంటారు. పింగాణీ పగిలి కోసుకుపోవచ్చు, జారి తుంటి విరగొచ్చు. రెండు పక్కలా చేతులున్న కమోడ్ కుర్చీని దాని మీదుగా పెడితే అది కుర్చీలా కనపడుతుంది, కూర్చోవడం తేలికవుతుంది. తెల్ల గోడ, తెల్ల టైలు, తెల్ల సీటు ఉంటే సీటెక్కడుందో కళ్లు పోల్చుకోలేవు. సీటు ముదురు రంగుది వేయించండి. నేల తడి ఆరేదాకా లోపలికి పంపకండి. వాకిట్లో నల్లటి పట్టా ఉంటే తీసేయండి, ఈ జబ్బులో అది గొయ్యిలా కనిపిస్తుంది. దాటబోయి పడతారు.

తలుపు, దారి తప్పడం

"మా ఇంటికెళ్తా" అని సాయంత్రం నాలుగు నుంచి మొదలవుతోందని రాశారు. ఆ ఇల్లంటే అడ్రసు కాదు, మనసు కుదురుగా ఉన్న చోటు. "ఇదే నీ ఇల్లమ్మా" అని వాదిస్తే పట్టుదల పెరుగుతుంది. ముందు మూత్రం వస్తోందా, ఆకలా, ఎక్కడైనా నొప్పా చూడండి. తరవాత "సరే అమ్మా, కాఫీ తాగి బయల్దేరదాం" అనండి, చెప్పులు వేసి కింద రెండు చుట్లు తిప్పి తీసుకురండి. నాలుగింటికి ముందే హాల్లో లైట్లు వేసేయండి. చీకటి పడుతున్న కొద్దీ నీడలు ఆవిడని కలవరపెడతాయి.

మెయిన్ డోర్‌కి మామూలు ఎత్తులో ఉన్న లాచ్ ఆవిడకి తెలుసు. తలుపు పైఅంచు దగ్గర ఇంకో బోల్టు పెట్టించండి. చూపు అక్కడికి పోదు. ఇది ఇంట్లో మనిషి ఉన్నప్పుడు మాత్రమే, ఉన్నవాళ్లందరికీ అదెక్కడుందో తెలియాలి, లేకపోతే మంటలప్పుడు అదే ఉరి. తలుపు తెరవగానే మోగే అయస్కాంతం సెన్సర్ తక్కువ ధరలోనే దొరుకుతుంది. చెప్పులు, చేతిసంచి, గొడుగు వాకిలి దగ్గర కనపడితే అవే "పద" అంటాయి, లోపల పెట్టండి. బాల్కనీలో తులసికోట, కుర్చీ, బట్టలారేసే స్టూలు ఏవీ రెయిలింగ్‌కి దగ్గరగా ఉండకూడదు. పావురాల వల మనిషి బరువు ఆపదు, ఇనప గ్రిల్లే కావాలి.

గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు షిఫ్టుకొకరు మారతారు, చాలామందికి తెలుగు రాదు. ఆవిడ ఫోటో కింద కన్నడలోనూ హిందీలోనూ రెండు వాక్యాలు రాసి గేటు గదిలో అంటించండి: ఒంటరిగా వస్తే చెయ్యి పట్టి లాగొద్దు, కుర్చీ వేసి కూర్చోబెట్టి ఈ నంబరుకి ఫోన్ చేయండి, అని. కొత్త గార్డు వచ్చినప్పుడల్లా ఆవిడని ఒకసారి చూపించండి.

ఆవిడ దగ్గర రెండు గుర్తులుండాలి. ఒకటి పేరు, మతిమరుపు జబ్బు ఉందన్న సంగతి, రెండు ఫోన్ నంబర్లు కన్నడ, ఇంగ్లిష్, తెలుగులో రాసిన కార్డు. రెండోది ఊడదీయడానికి వీల్లేని చేతి కడియం మీద నంబరు. కార్డు మీద ఫ్లాట్ నంబరు వద్దు, దొంగలకి పనికొస్తుంది. బెంగళూరులో తెలుగు తెలిసిన ఆటోడ్రైవర్ దొరకడం కష్టం కాదు, కానీ ఆవిడ చెప్పేది పుట్టినూరి పేరు, వాళ్ల నాన్నగారి పేరు. ఎయిర్‌ట్యాగ్ లాంటిది పెడితే రోజూ కట్టుకునే లోపావడా అంచులో కుట్టేయండి. దానికి సొంతంగా జీపీఎస్ లేదు, దగ్గర్లో ఆపిల్ ఫోన్ ఉంటేనే చోటు తెలుస్తుంది. అందులో బటన్ బ్యాటరీ ఉంటుంది, మింగితే గొంతు కాలిపోతుంది, ఊడకుండా కుట్టాలి. వాచీలైతే తీసి పడేస్తారు, రోజూ చార్జింగూ పెట్టాలి.

"చేతిలో డబ్బుల్లేవు, ఎక్కడికి పోతుందిలే" అనుకోకండి. 2023 జూన్ నుంచి శక్తి పథకంలో కర్ణాటక అడ్రసు ఉన్న ఆడవాళ్లకి బీఎంటీసీ (బెంగళూరు సిటీ) మామూలు బస్సులు ఉచితం. ఆధార్ మార్పించి సంచిలో పెట్టి ఉంటే అలాంటి ఏ బస్సయినా ఎక్కేస్తారు.

కనపడకపోతే మొదటి పదిహేను నిమిషాలు ఇల్లూ, మెట్లూ, మేడ, బేస్‌మెంట్ పార్కింగ్, లిఫ్టు. పక్కన ఇండిపెండెంట్ ఇళ్లుంటే వాటి సంప్ (నేలలోని నీళ్ల తొట్టి) మూతలు. దొరక్కపోతే 112కి ఫోన్ చేయండి. 24 గంటలు ఆగాలన్న నియమం ఏ చట్టంలోనూ లేదు, ఎవరైనా అలా అంటే ఒప్పుకోకండి. ఊరి పేరు చెప్తూ తిరిగే మనిషి కాబట్టి ఒకరిని మెజెస్టిక్ బస్టాండుకి పంపండి. స్టేషన్ల కోసం రైల్వే 139. ఇటీవలి ఫోటో, ఆ రోజు కట్టుకున్న చీర రంగు చేతిలో ఉండాలి. రోజూ పొద్దున్నే ఫోన్లో ఒక ఫోటో తీయడం అలవాటు చేసుకోండి, చీర ఏమిటన్న తికమక ఉండదు.

రాత్రి, పడక

మంచం ఎత్తు ఆవిడ అంచున కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకి ఆనేంత. పడిపోతారని మంచానికి అడ్డ కడ్డీలు బిగించకండి. వాటిని ఎక్కి దాటబోయి ఇంకా ఎత్తు నుంచి పడతారు, లేదా తల ఇరుక్కుంటుంది. పరుపు కిందికి దించడం, పక్కన పలచటి పరుపు వేయడం మేలు. మంచం నుంచి బాత్రూం దాకా కదలికకి వెలిగే చిన్న దీపాలు పెట్టండి. కరెంటు పోతే వెలిగేలా ఇన్వర్టర్ లైను మీద ఒకటి ఉండాలి. నేలని ఊడ్చే పొడవు నైటీలు అంగుళం పైకి మడిచి కుట్టించండి. అద్దంలో "ఎవరో ఆడమనిషి" ఉందని భయపడుతుంటే అద్దం మీద గుడ్డ వేయండి.

మందులు

మాత్రల డబ్బా తాళంలో, ఇచ్చేది ఒక్కరే, మింగేదాకా పక్కనే. గ్లిమిపెరైడ్ లాంటి షుగర్ మాత్ర ఉంటే ముందు అన్నం తినడం కళ్లారా చూసి ఇవ్వండి. తిన్నానని చెప్పడం, తినడం ఈ జబ్బులో వేరువేరు. షుగర్ పడిపోతే అది జబ్బు ముదిరినట్టే కనిపిస్తుంది.

జలుబు చేసిందని మెడికల్ షాపులో మాత్ర కొని వేయకండి. వాటిలో ఎక్కువగా ఉండే క్లోర్‌ఫెనిరమిన్ ఈ మెదడుకి సరిపడదు, అయోమయం పెంచి మూత్రం బిగబట్టేస్తుంది. నిద్రకని ఆల్ప్రజోలం వాడుతుంటే పడిపోవడాలు పెరుగుతాయి. అలాగని ఒక్కసారిగా ఆపితే మరో ప్రమాదం, డాక్టర్‌తో మాట్లాడి మెల్లగా తగ్గించాలి. అల్జీమర్స్‌కి ఇచ్చే డోనెపెజిల్ రాత్రి వేసుకుని పీడకలలతో లేస్తుంటే, పొద్దుటికి మార్చొచ్చా అని అడగండి. కళ్లు తిరిగి పడితే గుండె వేగం చూపించండి, ఆ మందు దాన్ని తగ్గిస్తుంది.

నిన్నటిదాకా ఒకలా ఉండి రెండు రోజుల్లో తలకిందులైతే అది అల్జీమర్స్ ముదరడం కాదు. ఉన్నట్టుండి మగతగా పడుకోవడం, లేనివి కనిపించడం, ఎన్నడూ లేనంత కోపం, ఇవన్నీ మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, నీళ్లు తగ్గడం, సోడియం పడిపోవడం, కొత్త మందు వల్ల రావచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇవి చాలావరకు తగ్గేవి. తలకి దెబ్బ తగిలి రక్తం పలచబరిచే మందు వాడుతున్నా అదే రోజు స్కాన్ చేయించండి. మందు లేకపోయినా మూడు వారాల దాకా నడకలోగానీ మెలకువలోగానీ మార్పు వస్తుందేమో కనిపెట్టండి, రక్తం మెల్లగా చేరడమూ ఉంటుంది.

మనిషిని పెట్టడం

నిమ్హాన్స్‌లో (బెంగళూరులోని మెదడు, మానసిక జబ్బుల ఆసుపత్రి) చూపిస్తున్నామన్నారు, మంచిది. కస్తూరి నగర్‌లో నైటింగేల్స్ మెడికల్ ట్రస్ట్ డిమెన్షియా (మతిమరుపు జబ్బు) కేంద్రం మీకు దూరం కాదు, పగటి సంరక్షణ గురించి అక్కడ కనుక్కోండి. బెంగళూరు పోలీసులతో కలిసి వాళ్లు నడిపే పెద్దల హెల్ప్‌లైన్ 1090, దేశమంతటికీ ఉన్నది 14567.

ఇంట్లోకి మనిషిని తీసుకుంటే తెలుగు వచ్చినవాళ్లకే మొగ్గు చూపండి, ఈ జబ్బులో ఓదార్పు సగం భాషలోనే ఉంటుంది. పోలీస్ వెరిఫికేషన్ చేయించండి. మొదటి మూడు రోజులు మీరు సెలవు పెట్టి పక్కనుండండి. ఫ్రిజ్ మీద ఒక్క కాగితం: గ్యాస్ ఎక్కడ ఆపాలి, తలుపు పై బోల్టు, మందుల వేళలు, ఫోన్ నంబర్లు, ఆవిడకి నచ్చే మాట ఏమిటి, రేగే మాట ఏమిటి. ఆవిడ ఏటీఎం కార్డు, ఫోన్‌లో యూపీఐ ఉంటే తీసేసి మీ దగ్గర పెట్టుకోండి.

ఏజెన్సీలు పగటి షిఫ్టు రాత్రి 8కి ముగిస్తాయని చెప్తాయి. మీరు ఔటర్ రింగ్ రోడ్డు మీంచి ఏడున్నరకి వస్తామనుకుంటారు, వర్షం పడితే ఎనిమిదిన్నర అవుతుంది. ఆవిడ ఎక్కువ కలవరపడేది సరిగ్గా ఆ వేళే. పొద్దున 9 నుంచి రాత్రి 9 వరకు అని ముందే మాట్లాడుకోండి. మీరు లోపలికొచ్చి, చెప్పులు విడిచి, ఆవిడ పక్కన కూర్చున్నాకే ఆ అమ్మాయి సంచి తీసుకుని లేవాలి.